వెనక టైరు సైజు పెంచుకుంటూ పోతే ముందు యాక్సిల్ ఏడుస్తుంది

ముక్కుసూటిగా చెబుతున్నా. కోపం వచ్చినవాళ్లు కింద తిట్టుకోండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌కి వెనక టైర్లు అరిగాక "అన్నా, ఈసారి ఒక సైజు పెంచి వేద్దాం, ఠీవిగా ఉంటుంది, గ్రిప్పూ పెరుగుతుంది" అని షాపులో అంటారు. మనం తలూపుతాం. 13.6-28 తీసేసి 14.9-28 బిగిస్తారు. ముందు టైర్లు మాత్రం పాతవే, అవే సగం అరిగినవే. బండి కడిగి ఫొటో తీసి స్టేటస్ పెడతాం. ఆ రోజు నుంచే ముందు యాక్సిల్ లోపల గేర్లు నలగడం మొదలవుతుంది. ఇది షాపువాడికి తెలియకపోతే ఆ పని చెయ్యకూడదు. తెలిసి చెప్పకపోతే దాన్ని మోసం అనే అంటాను నేను.

ఎందుకో లెక్క చెబుతా. పెద్ద చదువు అక్కర్లేదు, ఇంటర్ చదివిన నాకే అర్థమైంది.

13.6-28 టైరు నిలువెత్తు సుమారు 131 సెంటీమీటర్లు. 14.9-28 అయితే సుమారు 136న్నర. 16.9-28 అయితే 143న్నర దాకా ఉంటుంది. అంటే ఒక సైజు పెంచితే 4 శాతం, రెండు సైజులు పెంచితే 9 శాతం పైన తేడా. "అయిదు సెంటీమీటర్లేగా" అంటారా? చక్రం ఒక్క చుట్టు తిరిగితే దాదాపు 17 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోతుంది. ఎకరం దున్నేసరికి ఎన్ని చుట్లు తిరుగుతాయో మీరే లెక్కేసుకోండి.

మన ట్రాక్టర్లలో లివర్ వేసి ఫోర్ వీల్ పెట్టామంటే ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ గేర్లతో ముడి పడిపోయినట్టే. వెనకది ఇన్ని చుట్లు తిరిగితే ముందుది ఇన్ని తిరగాలి అని కంపెనీ వాడు పళ్లు లెక్కపెట్టి బిగించాడు. అది కూడా సరిసమానంగా పెట్టలేదు. ముందు చక్రం కొంచెం, అంటే 1 నుంచి 5 శాతం లోపు, ముందుకు లాగేట్టు పెడతారు. దీన్ని లీడ్ అంటారు. ముందుది కాస్త లాగాలి, వెనకది నెట్టాలి. అప్పుడే ఫోర్ వీల్‌కి పెట్టిన డబ్బు గిట్టుబాటు అవుతుంది.

ఇప్పుడు వెనక టైరు 4 శాతం పెరిగింది. ఉన్న లీడ్ 3 శాతం అనుకోండి. ఏం మిగిలింది? ముందు చక్రం లాగడం మానేసి ఈడ్చుకుపోవడం మొదలుపెట్టింది. బండి జోరుగా పోదామంటుంది, గేరు ముందు చక్రాన్ని అంత తిరగనివ్వదు. అంటే బ్రేకు మీద కాలు పెట్టి దున్నినట్టే. దానికి తోడు ముందు టైర్లు అరిగి ఉంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. జోడు కుదరని ఎడ్లని ఒక కాడికి కట్టి, చాలు వంకరపోయిందని ముల్లుకర్రతో పొడిస్తే ఏం లాభం?

మెత్తటి దుక్కిలో, దమ్ములో చక్రం జారి ఆ బిగువు ఎప్పటికప్పుడు వదులుతుంది కాబట్టి వెంటనే తెలియదు. గట్టి నేల మీద, డొంక మీద జారడానికి చోటుండదు. ఆ బిగువంతా షాఫ్టు మీద, ముందు యాక్సిల్ గేర్ల మీద పడుతుంది. లివర్ తీద్దామంటే రాదు, రెండడుగులు వెనక్కి వేస్తే గానీ వదలదు. స్టీరింగ్ బరువెక్కుతుంది. ముందు టైరు గుబ్బలు ఒక పక్కే కోసుకుపోతాయి. డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఇవన్నీ కనబడినా మనం "బండికి దిష్టి తగిలింది" అని నిమ్మకాయలు కడతాం.

మా పక్క ఊళ్లో ఒక తమ్ముడికి ఇదే జరిగింది. రెండు సీజన్లలో ముందు యాక్సిల్ గేరు పళ్లు ఊడాయి. షోరూముకి పోతే "టైరు సైజు మార్చారు, వారంటీ వర్తించదు" అన్నారు. టైర్ల షాపుకి పోతే "మీరు అడిగారు, మేం వేశాం" అన్నారు. ఇద్దరూ చేతులు దులుపుకున్నారు. మిర్చి మీద వచ్చిన డబ్బు గేర్లకి పోయింది. జత టైర్లకే 40 వేలకి అటూ ఇటూ పెట్టినవాడు, ఆ పైన ఈ ఖర్చు ఎక్కడి నుంచి తెస్తాడు?

ఇక "పెద్ద టైరు వేస్తే బలం పెరుగుతుంది" అనే మాట. ఇంజన్ అదే, గేర్లు అవే. చక్రం ఎత్తు పెరిగితే ఇరుసు నుంచి నేల దూరమవుతుంది, కాబట్టి నేల మీద పడే తోపు ఆ మేరకు తగ్గుతుంది. స్పీడు మాత్రం పెరుగుతుంది. రోటావేటర్ వేసినప్పుడు పీటీఓ తిరుగుడు మారదు, బండి మాత్రం అదే గేర్లో 4 శాతం ఎక్కువ ముందుకు పోతుంది. బ్లేడు ఒక్కో కాటుకి ఎక్కువ మట్టి తీసుకుంటుంది, పెళ్లలు పెద్దవి పడతాయి. మళ్లీ ఇంకో సాలు తిప్పుతాం. ఇదేనా బలం?

కొందరు మెకానిక్కులు ఇంకో చిట్కా చెబుతారు: "వెనక గాలి తగ్గించు, సరిపోతుంది." గాలి తగ్గిస్తే టైరు కొద్దిగా కుంగేమాట నిజమే, కానీ అంత తేడా దానితో పూడదు. పైగా తొట్టి నిండా బస్తాలేసుకుని డాంబరు రోడ్డెక్కితే ఆ గాలి తక్కువ టైరు పక్కగోడ మడతలు పడి పగులుతుంది.

అయితే పెద్ద టైరు అసలు వద్దా? అలా అనను. మా నల్లరేగడిలో వెడల్పు టైరుకి విలువ ఉంది. బరువు ఎక్కువ చోట పరుచుకుని నేల తక్కువ అణుగుతుంది, తడిలో తక్కువ దిగబడుతుంది. టూ వీల్ బండి అయితే ముందు చక్రానికి గేరు ముడి లేదు కాబట్టి ఈ లీడ్ గొడవే లేదు. ఫోర్ వీల్ అయితే మాత్రం ముందూ వెనకా కలిపి, మీ మోడల్‌కి కంపెనీ ఒప్పుకున్న జోడీ ఏదో చూసి మార్చండి. రిమ్ము వెడల్పు సరిపోతుందో లేదో కూడా అడగండి. అంత డబ్బు లేదంటే పాత సైజే వేయించుకోండి. అందులో నామోషీ ఏముంది?

ఊళ్లో పిల్లలు కార్లకి కూడా ఇదే పిచ్చి పట్టించుకున్నారు. ఆల్ వీల్ డ్రైవ్ కారుకి 225/60 ఆర్17 బదులు 225/65 ఆర్17 వేస్తే ఎత్తు 3 శాతం పైగా పెరుగుతుంది. నాలుగూ ఒకేసారి మార్చి, చక్రం పూర్తిగా తిప్పినా ఎక్కడా రాసుకోకపోతే, మీటరు 100 చూపించినప్పుడు బండి 103 మీద పోతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. రెండే మార్చారా, ముందు వెనకల్ని కలిపే క్లచ్చో డిఫరెన్షియలో ఆ తేడాని హైవే పొడుగునా మోస్తూ వేడెక్కిపోతుంది. హైదరాబాదులో ఉన్నా అమెరికాలో ఉన్నా ఆ లెక్క మారదు. మా ట్రాక్టర్‌కి జోడీ ఎంతో వాళ్ల కారుకి నాలుగు టైర్లూ అంత.

మీ బండి లీడ్ ఎంతో మీరే చూసుకోవచ్చు. చదునైన మట్టి నేల మీద, గాలి సరిచూసి, ముందు చక్రానికీ వెనక చక్రానికీ సుద్దతో గీత పెట్టండి. ఫోర్ వీల్ తీసేసి, వెనక చక్రం 10 చుట్లు తిరిగేదాకా నెమ్మదిగా పోనిచ్చి, ముందుది ఎన్ని తిరిగిందో ఒక మనిషి లెక్కపెట్టాలి. తర్వాత ఫోర్ వీల్ వేసి మళ్లీ అదే పని. వేసినప్పుడు కొంచెం ఎక్కువ తిరగాలి. తీసినప్పుడు 14.6, వేసినప్పుడు 15 వచ్చిందనుకోండి, లీడ్ 3 శాతం లోపే, బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. అదే బండికి వెనక ఒక్క సైజు పెంచితే తీసినప్పుడు 15.2 తిరుగుతుంది, వేసినప్పుడు మాత్రం అదే 15. అంటే ముందుది ఈడ్చుకుపోతోంది. సుద్దముక్క ఖరీదు రూపాయి.

నేను అడిగేది పెద్దదేం కాదు. ట్రాక్టర్ అమ్మేవాళ్లు ఈ బండికి ముందు ఇది వేస్తే వెనక ఇది వెయ్యాలి అని మడ్‌గార్డ్ మీద తెలుగులో ఒక స్టిక్కర్ అంటించాలి. టైర్లు అమ్మేవాళ్లు ఆ టైరు ఒక చుట్టుకి ఎంత దూరం పోతుందో బిల్లు మీద రాసివ్వాలి. విత్తనం సంచి మీద మొలక శాతం రాయమని అడిగే మనం, 40 వేల జత టైర్ల మీద ఈ ఒక్క అంకె అడగలేమా?

వచ్చే దుక్కులకి టైర్లు మార్చేవాళ్లు షాపుకి పోయి మొదటి మాట ఇదే అడగండి: "ముందు టైరుతో దీనికి లీడ్ ఎంత వస్తుంది?" జవాబు చెప్పలేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంకో షాపుకి పొండి.