అవశేషములు – ప్రమాణములు – శ్రద్ధ

ఇటలీలోని ట్యూరిన్ నగరమున భద్రపరుపబడిన ఒక నారవస్త్రము క్రీస్తు దేహమును చుట్టినదని అనేక క్రైస్తవుల విశ్వాసము. 2015లో ఆ వస్త్రముపైని ధూళిని పరిశోధించిన శాస్త్రజ్ఞులకు పలు దేశముల జనుల డీఎన్ఏతో పాటు భారతీయ వంశముల డీఎన్ఏ కూడ లభించినది. ఇది విన్నంతనే "క్రీస్తు భారతదేశమునకు వచ్చినాడనుటకు ఇదియే సాక్ష్యము" అని సంతోషించువారు మనలో కొందరున్నారు. మదనపల్లెలోనైనను కుప్పములోనైనను, సత్సంగములో ఈ మాట వచ్చినపుడు జిజ్ఞాసువు ఒక క్షణమాగి ఆలోచింపవలెను.

సాధ్యము లేని చోట కూడ కనబడు హేతువును న్యాయశాస్త్రము సవ్యభిచారమనును. అది హేత్వాభాసమే కాని హేతువు కాదు. పొట్టిగా ఉన్నది కనుక ఇది పుంగనూరు ఆవు అనినచో ఆ ఊరి రైతు నవ్వును. పొట్టి ఆవులు ఇతర జాతులలోను కలవు. అట్లే వస్త్రముపై భారతీయుల జాడ, దానిని తాకిన యాత్రికుని వలన రావచ్చును, నేసిన చోటు వలన రావచ్చును. శాస్త్రజ్ఞులు సైతము వస్త్రము భారతదేశమున తయారై ఉండవచ్చునని ఊహించిరే కాని క్రీస్తు యాత్రను గూర్చి చెప్పలేదు. పైగా 1988లో ఆక్స్‌ఫర్డ్, జూరిచ్, అరిజోనా ప్రయోగశాలలు కార్బన్ పరీక్షచే ఆ వస్త్రము 1260–1390 మధ్య కాలమునాటిదని నిర్ణయించినవి. పరీక్షకు తీసిన ముక్క మరమ్మతు చేసిన భాగమునకు చెందినదని కొందరి ఆక్షేపణ. వాదము నేటికిని సాగుచున్నది. నచ్చిన ఫలితమును గ్రహించి నచ్చనిదానిని విడుచుట జిజ్ఞాస కాదు, పక్షపాతము.

ప్రమాణములు సక్రమముగా కలిసిన ఉదాహరణము హైదరాబాదులోనే కలదు. జార్జియా రాణి కెతెవాన్ 1624లో షిరాజ్ నగరమున, మతము మార్చుకొననందుకు చంపబడినది. ఆమె అస్థిని అగస్టీనియన్ సన్యాసులు గోవాకు తెచ్చి తమ మఠమున ఉంచిరని పోర్చుగీసు పత్రములు చెప్పుచున్నవి. ఆ పత్రముల ఆధారమున పురావస్తు శాఖ శిథిలములను త్రవ్వగా ఒక అస్థి లభించినది. సీసీఎంబీ శాస్త్రజ్ఞులు అందలి మాతృవంశ డీఎన్ఏను 22,000కు పైగా భారతీయుల డీఎన్ఏతో పోల్చిరి. ఆ వంశము ఇక్కడ కనబడలేదు, జార్జియాలో కనబడినది. 2021లో భారత ప్రభుత్వము ఆ అవశేషమును జార్జియాకు అందజేసినది.

ఇక్కడ పత్రములు శబ్దము వంటివి, త్రవ్వకములో లభించిన అస్థి ప్రత్యక్షము, వంశనిర్ణయము అనుమానము. మూడును ఒకే దిక్కు చూపినను శాస్త్రజ్ఞులు "ఆమెదై ఉండుటకు అవకాశమున్నది" అనిరే కాని "ఆమెదే" అనలేదు. ఆ వినయము గమనింపదగినది. ఆ అస్థిగల దేహము ఏ మాతృవంశమున జన్మించినదో డీఎన్ఏ చెప్పగలదు. ఆమె త్యాగము పూజ్యమా కాదా అనునది దాని విషయము కాదు.

ఈ వివేకము మన ఆలయములకును అవసరము. విగ్రహమునకు శిలను గ్రహించుటకు ముందు దాని వర్ణమును, నాదమును పరీక్షింపవలెనని మన శాస్త్రములే విధించినవి. కావున పరీక్ష శ్రద్ధకు విరోధి కాదు. జీర్ణోద్ధరణ సమయమున కళాకర్షణ చేసి దైవశక్తిని కలశమున నిలిపి బాలాలయమున అర్చింతురు. శక్తి శిలకే బద్ధమైనచో ఈ విధికి అర్థమే లేదు. రేపు ఎవరైన ఒక మూలవిరాట్టు వయస్సు స్థలపురాణము చెప్పినంత కాదని నిరూపించినను, నిత్యార్చన ఒక్క పూటయైనను ఆగనక్కరలేదు.

పరుల అవశేషము పరీక్షలో నిలువలేదని హర్షించువాడు, తన ఆలయమునకు అదే పరీక్ష వచ్చిననాడు కలవరపడును. వస్తువును గూర్చిన ప్రశ్నను వస్తుప్రమాణమునకు విడిచి, ఉపాసనను ఉపాసనగా నిలుపుకొన్నవానికి హర్షమును లేదు, కలవరమును లేదు.