రాణి ఒక్కతెయే దోషియా?

వీధినాటకములు చూచి పెరిగిన మదనపల్లె, పుంగనూరు సీమల పల్లెలకు దుష్టురాలైన రాణి క్రొత్తది కాదు. ఆమె తెర వెడలి రాగానే పసివాండ్రు తల్లి కొంగు పట్టుకొందురు. పెద్దలు పండ్లు కొరుకుదురు. ఆమె మాయలు పన్నును, సవతి బిడ్డలను హింసించును, తుదకు నశించును. ధర్మము జయించినదన్న తృప్తితో అందరును ఇండ్లకు మరలుదురు. ఆమె అట్లెందుకైనదన్న ప్రశ్న మాత్రము ఆ తృప్తిలో మునిగిపోవును.

మన సాహిత్యమున ఈ ప్రశ్న వేయవలసిన పాత్ర చిత్రాంగి. 15వ శతాబ్దమున గౌరన నవనాథ చరిత్రలో చెప్పిన సారంగధరుని కథను 17వ శతాబ్దమున చేమకూర వేంకటకవి ప్రత్యేక కావ్యము గావించెను. ధర్మవరము రామకృష్ణమాచార్యులు దానిని విషాదనాటకముగా మలచిరి. 1957లో వచ్చిన చలనచిత్రమున భానుమతి చిత్రాంగి పాత్ర ధరించిరి. రాజరాజనరేంద్రుని కుమారుడని చరిత్ర ఎరిగినవాడు చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు. అయినను రాజమహేంద్రవరమున సారంగధరుని పేర ఒక మెట్ట నేటికిని నిలిచియున్నది. జనుల మనస్సులో కథకున్న బలమట్టిది.

కథ అందరెరిగినదే. పావురమును వెదకుచు వచ్చిన సవతి కొడుకును చిత్రాంగి కామించెను; అతడు కాదనగా నింద మోపెను; రాజు విచారింపకయే కొడుకు కాలుసేతులు నరికించెను. ఆమె చేసినది ఘోరము, సందేహము లేదు. కాని జనులలో వ్యాపించిన ఒక కథనమున రాజకుమారుని చిత్తరువు చూచి వలచిన యువతిని తండ్రియే పరిణయమాడెను. అంతఃపురమున అడుగిడకముందే ఆమెకు అన్యాయము జరిగినది! నరకుమని ఆజ్ఞ ఇచ్చినవాడును రాజే. అయినను లోకము తిట్టునది చిత్రాంగిని. రాజును చూచి జాలిపడును.

ఇది మన యొక్కరి అలవాటు కాదు. గ్రీకు కవి యూరిపిడీసు క్రీ.పూ. 428లో ప్రదర్శించిన నాటకమున ఫేద్రా కథ ఇట్టిదే. అశోకుని రాణి తిష్యరక్షిత, కుణాలుర కథయు నిట్టిదే. జర్మనీలో గ్రిమ్ము సోదరులు 1812లో అచ్చువేసిన ఒక కథలో కూతురి అందమునకు ఓర్వలేని రాణి కన్నతల్లియే. 1819 నాటి ముద్రణలో ఆమెను సవతితల్లిగా మార్చిరి. కన్నతల్లిపై మోపలేని చెడుగును మోయుటకు పరాయి స్త్రీ యొకతె కావలసివచ్చెను! కైకేయిని తలచినను అంతే. యుద్ధమున భర్త ప్రాణము కాచినందుకు లభించిన వరములవి. మంథర బోధ విననంతవరకు ఆమెకు రాముడు పరాయివాడు కాడు.

చౌడేపల్లెకు చేరువనున్న బోయకొండపై గంగమ్మ వెలసియున్నది. ఆ తల్లి కోపమునకు భయపడుదుము, భయముతోనే మ్రొక్కుదుము. ఆడుదాని ఆగ్రహము కొండమీదనున్న శక్తియని కొలుచు మనమే, అంతఃపురములోని ఆగ్రహమును రాక్షసత్వమని ఏల త్రోసివేయుచున్నాము? దేవతకు కోపము వచ్చిన ఏమి లోపము చేసితిమో యని వెదకుదుము. రాణి కోపమునకు మాత్రము కారణము వెదకము.

కారణము వెదకుట క్షమించుట కాదు. నరికిన చేతులు సారంగధరునివి. ఆ బాధ ముందు ఏ సమర్థనయు నిలువదు. కాని దోషము నొక్కతె నెత్తిన రుద్ది మిగిలినవారిని విడిచిపెట్టిన, కథ బాలురకు ద్వేషము నేర్పునే కాని వివేకము నేర్పదు. రేపు తరగతిలో నిట్టి కథ చెప్పు ఉపాధ్యాయులు తుదిని ఒక్క ప్రశ్న వేయుదురు గాక: ఈ రాణి చెడకముందు ఎవరు, ఎప్పుడు, ఏమి చేసియుండిన ఈ కథ మరొక త్రోవ పట్టియుండును? విద్యార్థులు ఇచ్చు సమాధానములలో రాజు పేరు కూడ వినవచ్చిన, ఆనాటి పాఠము ఫలించినట్లే.