భాయ్ సౌదీ పోలేదు

మూడేళ్ల కిందట మా ఖాలా కొడుకు సౌదీ వెళ్లాడని మొహల్లా అంతటికీ చెప్పాం. అది ఝూట్. ఊరి బయట పెద్ద గోడల మధ్య ఉన్న ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో మూడు నెలలు పెట్టి తాళం వేయించాం. భాయ్ నాకంటే రెండేళ్లు పెద్ద. పాతబస్తీలో బైక్ మెకానిక్. పేరు రాయను, ఇంట్లో పెళ్లికెదిగిన బిడ్డ ఉంది. కిస్సా రాయడానికి మాత్రం భాయే ఇజాజత్ ఇచ్చాడు.

సౌదీ అబద్ధం ఖాలా ఆలోచన. "శరాబీ కే ఘర్ కీ బచ్చీ కూ కౌన్ పూఛ్తా?" అంది. తాగుబోతు ఇంటి పిల్లకు రిష్తా ఎవరు తెస్తారన్న భయం ఆమెది. నేను జర్నలిస్టుని, పదిమందికీ నిజం చెప్పే పని నాది. నేనూ తల ఊపాను.

మూడు నెలల తర్వాత భాయ్ సన్నబడి తిరిగొచ్చాడు. పక్కింటివాళ్లు "ఖజూర్ ఏదీ, ఆబె జమ్‌జమ్ ఏదీ?" అని అడిగారు. ఖాలా గప్‌చుప్‌గా బజార్ నుంచి రెండు కిలోల ఖజూర్ తెప్పించి గల్లీ అంతా పంచింది. పదకొండో రోజున భాయ్ మళ్లీ తాగాడు.

అప్పుడు ఖాందాన్ అంతా ఒకటే మాట: "వాడికి ఇరాదా లేదు." నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ సెంటర్లో ఏం చేశారని భాయ్‌ని చాలా రోజుల తర్వాత అడిగాను. పొద్దున లేపేవారు, తినిపించేవారు, ఎదురు తిరిగితే కొట్టేవారు. ఒక కుర్రవాణ్ని మంచానికి గొలుసుతో కట్టారట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగిని గొలుసులతో కట్టడం నిషిద్ధం. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. ఆ సంగతి మాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు, ఎందుకంటే మాకు కావాల్సింది ఇలాజ్ కాదు, పర్దా.

ఆ గోడల మధ్య భాయ్ తొంభై రోజులు తాగలేదు. తాగడానికి అక్కడ వైన్ షాపు లేదు. చేతిలో శనివారం కూలీ లేదు, అప్పులవాడు లేడు, మగ్రిబ్ దాటగానే షట్టర్ దగ్గరికొచ్చి "చలో మియా" అనే దోస్తులు లేరు. ఇవన్నీ మొహల్లాలో అలాగే ఉన్నాయి, భాయ్ కోసం ఎదురుచూస్తూ. ఈదడం నేర్పకుండా మూడు నెలలు ఒడ్డున కూర్చోబెట్టి, తర్వాత నేరుగా చెరువులోకి దించాం.

రెండోసారి మా భాభీ ఎవరి మాటా వినలేదు. సర్కారీ దవాఖానాలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్లింది. అక్కడి డాక్టర్ చూసి, పరీక్షలు రాసి, సాయంత్రాలు గ్రూపులు నడిపే ఒక క్లినిక్‌కి పంపారు. అడ్మిట్ చేసుకోరు, తాళం ఉండదు. సోమ, బుధ, శుక్రవారాలు వెళ్లాలి, ప్రతిసారీ మూడు గంటలు. రాత్రికి ఇంటికి రావాలి, పొద్దున దుకాణం తెరవాలి. దీన్ని ఇంటెన్సివ్ అవుట్‌పేషంట్ చికిత్స అంటారు. అమెరికాలో పెద్దవాళ్లకు వారానికి కనీసం తొమ్మిది గంటలు ఉంటేనే ఆ పేరు వాడతారు. నెలకోసారి ఓపీలో చీటీ రాయించుకుని రావడానికీ, పూర్తిగా అడ్మిట్ అవడానికీ మధ్య మెట్టు ఇది.

ఆ మూడు గంటల్లో ఏం జరుగుతుంది? మొదట గ్రూపు. పదిమంది గుండ్రంగా కూర్చుంటారు. భాయ్ గ్రూపులో ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక ఆటో డ్రైవర్, ఒక రిటైర్డ్ మాస్టారు ఉండేవారు. మజ్‌హబ్ ఏదైనా, తాగాక ఇంట్లో చెప్పే అబద్ధాలు అందరివీ ఒకటేనని భాయ్ నవ్వుతూ చెప్తాడు. తర్వాత కౌన్సిలర్‌తో ఒంటరిగా మాట. ఆ తర్వాత సబక్: తలబ్ ఎప్పుడు పుడుతుంది, ఎవరిని చూస్తే పుడుతుంది, పుట్టినప్పుడు ఆ అరగంట ఎలా గడపాలి. అప్పుడప్పుడు శ్వాస పరీక్ష.

సబక్ కాగితం మీద మిగిలిపోలేదు. భాయ్ దుకాణం నుంచి ఇంటికొచ్చే దారిలో పర్మిట్ రూమ్ ఉన్న వైన్ షాపు ఉంది. దారి మార్చాడు. రోజూ పది నిమిషాలు ఎక్కువ నడక. శనివారం డబ్బు నేరుగా భాభీ చేతికి ఇవ్వడం మొదలుపెట్టాడు. మగ్రిబ్ నుంచి ఇషా దాకా భాయ్ తాగే వేళ. వారంలో మూడు రోజులు సరిగ్గా ఆ వేళే క్లినిక్‌లో గడిచిపోయేది. సోమవారం నేర్చుకున్నది మంగళవారం మొహల్లాలో ఆజ్మాయిష్ చేసి, బుధవారం వెళ్లి ఏం జరిగిందో చెప్పాలి. తాళం వేసిన గదిలో ఇది కుదరదు.

ఐదో వారంలో ఒక షాదీలో తాగాడు. ఇక అయిపోయిందనుకున్నాం. సోమవారం భాయ్ తనే వెళ్లి గ్రూపులో చెప్పాడు. వాళ్లు తిట్టలేదు. ఆ రాత్రి ఎవరు పక్కన కూర్చున్నారు, మొదటి గ్లాసు ఎవరిచ్చారు, ఎన్ని గంటలకు ఇంటికి బయలుదేరాల్సింది అని గంటసేపు అడిగారు. అడిక్షన్ ఇలాజ్‌లో నూటికి నలభై నుంచి అరవై మంది మళ్లీ జారతారని అమెరికా జాతీయ సంస్థ నైడా చెబుతుంది. బీపీ, ఆస్తమా రోగులు ఇలాజ్ దారి తప్పడమూ దాదాపు ఇంతే. బీపీ మళ్లీ పెరిగిందని మనం అబ్బాజాన్‌ని ఇంట్లోంచి గెంటేయం కదా?

ఇంటి నుంచే ఇలాజ్ అంటే సగం ఇలాజ్ అని చాలామందికి శక్. ఈ పద్ధతి మీద జరిగిన పరిశోధనలను సమీక్షించి 2014లో అమెరికాలో ఒక వ్యాసం అచ్చయింది. చాలామందికి ఇది అడ్మిట్ అయి చేయించుకున్న ఇలాజ్‌కు సమానంగా పనిచేస్తుందని అందులో తేలింది. చాలామందికి అన్నాను, అందరికీ అనలేదు. ఏళ్లుగా రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే వణుకు, చెమటలు వస్తాయి. కొందరికి మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు మూడు రోజుల తర్వాత మతిభ్రమ రావచ్చు. అది ప్రాణం తీయగలదు. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు మూసినప్పుడు ఇలాంటివాళ్లు ఎర్రగడ్డ దవాఖానాకు బారులు కట్టారు. మందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లకూ ఇదే ఖత్రా. ముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్లు, లివర్ బాగా చెడినవాళ్లు, చచ్చిపోతానంటున్నవాళ్లు, ఇంట్లో చూసుకునే మనిషి లేనివాళ్లు మొదట అడ్మిట్ కావాల్సిందే. ఏది కావాలో డాక్టర్ తేల్చాలి, ఖాందాన్ పంచాయతీ కాదు.

భాయ్‌కి మొదటి వారం వణుకు తగ్గే గోలీలు భాభీ చేతికే ఇచ్చారు, రెండు మూడు రోజులకు సరిపడా, తగ్గించుకుంటూ. బీ-వన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. తర్వాత లివర్ పరీక్ష చూసి తలబ్ తగ్గించే నాల్ట్రెక్సోన్ రాశారు.

ఇక్కడ అమ్మీలకు, భాభీలకు ఒక గుజారిష్. "తాగేవాడికి తెలియకుండా మాన్పిస్తాం" అనే పొడులు, డైసల్ఫిరామ్ గోలీలు సాలన్‌లో, చాయ్‌లో కలపకండి. డైసల్ఫిరామ్ కడుపులో ఉండగా మందు తాగితే గుండె దడదడలాడి, బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. ఆ గోలీ తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ నిగ్రానీలో వేసుకోవాల్సింది.

క్లినిక్‌లో భాభీకీ సబక్ ఉండేది. భాయ్ పడిపోయిన రోజు దుకాణం మాలిక్‌కి "బుఖార్" అని ఫోన్ చేయడం, అతని అప్పులు తను తీర్చడం మానమన్నారు. తాగి ఉన్నప్పుడు రాత్రి గొడవ పడకుండా, పొద్దున హోష్‌లో ఉన్నప్పుడు మాట్లాడమన్నారు. చేయి చేసుకుంటే మాత్రం ముందు పిల్లలతో భద్రంగా బయటపడమన్నారు. సబర్ అంటే దెబ్బలు తినడం కాదని అక్కడే మొదటిసారి విన్నానని భాభీ అంది.

శరాబ్ హరామ్ అన్న సంగతి మన ఇళ్లలో పసిపిల్లలకూ తెలుసు. భాయ్‌కి అందరికంటే బాగా తెలుసు, అందుకే ఎక్కువ దాచాడు. గునాహ్ అన్నంత మాత్రాన బీమారీ కాకుండా పోదు. తౌబా చేసే చేతులు వణుకుతున్నాయంటే ఆ వణుకుకు దవా కావాలి. మనం మాత్రం గునాహ్ పేరుతో బీమారీని కప్పేసి, ఇజ్జత్ పేరుతో ఇలాజ్‌ని ఆపేస్తున్నాం.

ఈ దాపరికం మన ఒక్కరిదే కాదు. కేంద్ర ప్రభుత్వం 2019లో విడుదల చేసిన సర్వేలో, మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక ఇలాజ్ అందినట్టు తేలింది. అడ్మిట్ అయ్యింది 180 మందికి ఒక్కరు. ఇంతమందికి మంచాలు ఏ సర్కారూ వేయలేదు. కాబట్టి మనిషి ఇంట్లో ఉంటూ, రోజీ-రోటీ పోగొట్టుకోకుండా చేయించుకునే ఇలాజే మన గల్లీలకు ఎక్కువ కావాలి. 2018 నుంచి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు వచ్చాయి. వారానికి మూడు సాయంత్రాలు అక్కడ ఒక కౌన్సిలర్, ఒక గది ఉంటే చాలు, ఈ పని మొదలవుతుంది. మస్జిద్ కమిటీలు ఓటు అడగడానికి వచ్చేవాళ్లను ఇది అడగాలి. జుమా బయాన్‌లో శరాబ్ చెడ్డదని చెప్పిన మౌలానా సాహెబ్, ఇలాజ్ ఎక్కడ దొరుకుతుందో కూడా ఒక్క జుమ్లా చెబితే ఎన్ని ఇళ్లు వింటాయో!

అప్పటిదాకా 14446 నంబరుకు ఫోన్ చేయండి, మత్తు వదిలించే జాతీయ హెల్ప్‌లైన్ అది, డబ్బు పడదు. 14416 టెలీ మానస్ ఉంది. పిల్లవాడు గాంజా తాగుతున్నాడని తెలిసి పోలీసు భయంతో దాచేవాళ్లు ఒకటి తెలుసుకోండి: వాడకానికో, కొద్దిపాటి సరుకుకో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న దవాఖానాలో ఇలాజ్‌కు వెళ్తే, ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది.

భాయ్ ఇప్పటికీ నెలకోసారి క్లినిక్‌కి వెళ్తాడు. రెండేళ్లలో రెండుసార్లు జారాడు, రెండుసార్లూ తనే వెళ్లి చెప్పాడు. మొన్న చాయ్ హోటల్లో ఒక చాచా "మళ్లీ సౌదీ ఎప్పుడు మియా?" అని అడిగాడు. "నేను సౌదీ పోలేదు చాచా. తాగుడు మానే ఇలాజ్‌కు పోయిన" అన్నాడు భాయ్. చాచా ఏమీ అనలేదు, చాయ్ సగంలో వదిలి లేచిపోయాడు. ఇషా తర్వాత దుకాణం షట్టర్ దించుతుంటే మళ్లీ వచ్చి, అటూ ఇటూ చూసి, "మా చిన్నోడు..." అన్నాడు.

తర్వాతి సోమవారం భాయ్ ఆ కుర్రవాణ్ని తన బండి మీదే తీసుకెళ్లాడు.