పాము విమానమెక్కితే...

అమెరికాలో కొందరు ఇళ్లలో కొండచిలువలను పెంచి, కొన్నవారికి విమానాల్లో సరుకుగా పంపుతుంటారు. "పామే కదా, ఎలా పంపితేనేం?" అంటారా? అక్కడే ఉంది పొరపాటు!

చలి వేస్తే మనం వణికి ఒళ్లు వేడెక్కించుకుంటాం. సరీసృపాలు సాధారణంగా అలా చేయలేవు. చలైతే ఎండలోకి, వేడైతే నీడలోకి జరుగుతాయి. మరి పెట్టెలోని పాము ఎటు జరుగుతుంది?

అందుకే తెలిసినవారు ప్రయాణానికి కొన్ని రోజుల ముందే దానికి మేత ఆపుతారు. గుడ్డసంచిలో ఉంచి, మూతి కట్టి, లోపల థర్మోకోల్ పరచిన పెట్టెలో పెడతారు. గాలికి రంధ్రాలు చేస్తారు. చలికాలమైతే ఇనుపపొడి పొట్లం అమరుస్తారు. ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి తుప్పు పడుతూ వేడినిస్తుంది. ఆ పొట్లం పాముకు తగిలితే ఒళ్లు కాలుతుంది సుమా!

విమానం 10 కిలోమీటర్ల ఎత్తున ఎగిరేటప్పుడు బయట సుమారు −50 డిగ్రీల సెల్సియస్ చలి. లోపల వెచ్చదనం అమర్చవచ్చు. కాని దిగాక పెట్టె మండుటెండలోనో మంచులోనో గంటల తరబడి ఉండిపోతే ఈ జాగ్రత్తలేవీ చాలవు.

కనుక రెండు ఊళ్ల వాతావరణమూ అనుకూలించేదాకా పామును పంపకూడదనే నేనంటాను. కొన్నవారు తొందరపెట్టినా సరే! కుక్క అయితే మొరిగి తన బాధ చెబుతుంది. పాము చెప్పలేదు. దాని తరఫున ఆలోచించవలసింది మనిషే. కాదంటారా?