ఒకే ఊళ్లో రెండు లీగ్‌లు.. కప్పు కొట్టిన టీమే వెళ్లిపోయింది! ఐటీ కారిడార్ ఫుట్‌బాల్ ఫ్యాన్‌కి ఇప్పుడు మిగిలిందేంటి?

కప్పు కొట్టిన మూడేళ్లకి టీమ్ మాయం. హైదరాబాద్‌కి ఇది కొత్త కాదు. 2009లో దక్కన్ ఛార్జర్స్ దక్షిణాఫ్రికాలో ఐపీఎల్ గెలిచింది. 2012లో లీగ్‌లోనే లేకుండా పోయింది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. 2025 అక్టోబర్‌లో ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది.

క్రికెట్‌లో ఆ ఖాళీని సన్‌రైజర్స్ వెంటనే నింపేసింది. మరి ఫుట్‌బాల్ సంగతేంటి? గచ్చిబౌలిలో పసుపు జెర్సీ వేసుకుని అరిచిన ఫ్యాన్స్ ఎటు వెళ్లాలి? చాలామంది మర్చిపోతున్న విషయం ఏంటంటే.. ఊళ్లో ఇంకో టీమ్ ఉంది. దానికి సొంత స్టేడియం కూడా ఉంది. కానీ అది వేరే లీగ్. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

ఒకే ఆట.. రెండు దారులు

ఒకే ఆటకి రెండు లీగ్‌లు ఎందుకు? ఈ ప్రశ్నకి పాత సమాధానం రగ్బీలో ఉంది. ఇంగ్లండ్‌లో 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఉత్తరాది క్లబ్బులు సమావేశమై రగ్బీ యూనియన్ నుంచి బయటికి వచ్చేశాయి. కారణం డబ్బే. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే ఆటగాళ్లు శనివారం మ్యాచ్ ఆడితే ఆ రోజు కూలీ పోయేది. ఆ నష్టం కట్టివ్వాలని క్లబ్బులు అడిగాయి. యూనియన్ పెద్దలు కుదరదన్నారు. అలా ఆట రెండుగా చీలింది. యూనియన్‌లో జట్టుకి 15 మంది, లీగ్‌లో 13 మంది. వందేళ్ల తర్వాత, 1995లో యూనియన్ కూడా ప్రొఫెషనల్ అయింది. కానీ అప్పటికే ఏ ఊరు ఎవరిదో తేలిపోయింది.

లీడ్స్ నగరాన్నే చూడండి. హెడింగ్లీలో రెండు రగ్బీలూ ఆడారు. యూనియన్ జట్టు లీడ్స్ టైక్స్ 2005లో పవర్‌జెన్ కప్ కూడా గెలిచింది. అయినా టాప్ డివిజన్‌లో దాని చివరి సీజన్ 2010-11. 1890 నుంచి అదే గ్రౌండ్‌లో ఉన్న లీగ్ క్లబ్ మాత్రం ఇప్పటికీ అక్కడే ఆడుతోంది. ఒక్క కప్పుతో ఊరు సొంతం కాలేదు.

మన దగ్గర చీలిక ఎలా వచ్చింది?

ఇండియన్ ఫుట్‌బాల్‌లో ఐ-లీగ్ 2007లో మొదలైంది. ఐఎస్ఎల్ 2014లో వచ్చింది. ఐ-లీగ్ పాత క్లబ్బులది. ఐఎస్ఎల్ సిటీ పేరు మీద ఫ్రాంచైజీ కొనుక్కున్నవాళ్లది. కొన్నేళ్లు రెండూ పక్కపక్కనే నడిచాయి. 2019లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య రోడ్‌మ్యాప్‌తో ఐఎస్ఎల్‌కి టాప్ లీగ్ హోదా దక్కింది. ఐ-లీగ్ రెండో మెట్టుకి దిగింది.

సరిగ్గా ఆ ఏడాదే హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. ఎలా? పుణె సిటీ ఫ్రాంచైజీ మూతపడితే, ఆ స్థానంలోకి వచ్చింది. అంటే ఒక ఊరు పోగొట్టుకున్నది మనకి దొరికింది. అప్పుడు ఆ కోణం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2019 నవంబర్ 2న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో తొలి హోమ్ మ్యాచ్. కేరళ బ్లాస్టర్స్‌పై 2-1తో గెలుపు. హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్.. ఎక్కడ లాగౌట్ అయినా స్టేడియం దగ్గరే. కేరళ, బెంగాల్, గోవా, ఈశాన్య రాష్ట్రాల నుంచి ఉద్యోగాలకి వచ్చినవాళ్లకి ఫుట్‌బాల్ ఇంటి ఆట. ఇక్కడి కుర్రాళ్లకి వీకెండ్ ప్రీమియర్ లీగ్ అలవాటే. డెక్కన్ లీజియన్ పేరుతో ఫ్యాన్ గ్రూప్ కూడా తయారైంది.

మొదటి సీజన్‌లో టీమ్ ఆఖరి స్థానంలో నిలిచింది. తర్వాత కరోనా. రెండు సీజన్లు మొత్తం గోవాలోనే ఆడారు. కోచ్ మనోలో మార్క్వెజ్ చేతిలో జట్టు మారిపోయింది. 2021-22లో ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్. మళ్లీ కేరళ బ్లాస్టర్సే. 1-1 తర్వాత పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు. కప్పు హైదరాబాద్‌ది. కానీ ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో జరగలేదు.

అజీజ్ నగర్‌లో ఇంకో కథ

ఇదే టైమ్‌లో సిటీకి పడమర అంచున, మొయినాబాద్ వైపు అజీజ్ నగర్‌లో మరో టీమ్ సిద్ధమవుతోంది. పేరు శ్రీనిధి డెక్కన్. శ్రీనిధి విద్యాసంస్థల గ్రూప్‌ది. మొదట విశాఖ పేరుతో ఐ-లీగ్ ఎంట్రీ తీసుకుంది. తర్వాత హైదరాబాద్‌కి వచ్చింది. 2021-22లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టింది. వీళ్లు చేసిన తేడా పని ఒక్కటే. అద్దె స్టేడియం కోసం చూడకుండా డెక్కన్ అరీనా పేరుతో సొంత గ్రౌండ్ కట్టుకున్నారు.

2022-23 సీజన్ గుర్తుందా? ఇద్దరూ ఊళ్లోనే ఆడారు. గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ, అజీజ్ నగర్‌లో శ్రీనిధి. ఐఎస్ఎల్ టేబుల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీది రెండో స్థానం. ఐ-లీగ్ టేబుల్‌లో శ్రీనిధిది కూడా రెండో స్థానమే! ఒక ఊరి నుంచి రెండు టీమ్‌లు, రెండు లీగ్‌లలో రన్నరప్. సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచింగ్‌లో సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచిన ఊరికి ఇంతకంటే మంచి రోజులు చాలా ఏళ్లుగా రాలేదు.

కానీ రెండు జట్లు లీగ్‌లో ఒకదానితో ఒకటి తలపడే దారి లేదు. లీగ్‌లు వేరు కదా. ఐ-లీగ్ ఛాంపియన్‌ని ఐఎస్ఎల్‌లోకి తీసుకోవడం ఆ సీజన్‌తోనే మొదలైంది. ఆ ఛాన్స్ రౌండ్‌గ్లాస్ పంజాబ్ కొట్టేసింది. తర్వాతి సీజన్‌లోనూ శ్రీనిధి రెండో స్థానమే. ఈసారి మొహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వెళ్లింది. అంటే వరసగా రెండేళ్లు, ఒక్క మెట్టు దూరంలో హైదరాబాద్ డెర్బీ ఆగిపోయింది.

చివరికి రెండు టీమ్‌లూ ఒకే గ్రూప్‌లో పడింది 2024 జనవరి సూపర్ కప్‌లో. అదెక్కడ జరిగింది? భువనేశ్వర్‌లో! గచ్చిబౌలి నుంచి అజీజ్ నగర్‌కి ఓఆర్ఆర్ మీద కొద్దిసేపట్లో వెళ్లిపోవచ్చు. కానీ ఆ రెండు జట్ల మ్యాచ్ చూడాలంటే ఒడిశా వెళ్లాల్సి వచ్చింది.

ఎక్కడ బెడిసికొట్టింది?

అప్పటికే హైదరాబాద్ ఎఫ్‌సీ కష్టాల్లో ఉంది. జీతాల బకాయిలు, ట్రాన్స్‌ఫర్ బ్యాన్, విదేశీ ఆటగాళ్ల వలస. 2023-24లో 22 మ్యాచ్‌లకి ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. మాజీ ఛాంపియన్ కోసం యూత్ ప్లేయర్లే మైదానంలో నిలబడ్డారు. 2024లో క్లబ్ బీసీ జిందాల్ గ్రూప్ చేతికి వెళ్లింది. 2025 అక్టోబర్‌లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది.

లీగ్ పరిస్థితి కూడా బాగోలేదు. ఫెడరేషన్‌కి, ఐఎస్ఎల్ నడిపే ఎఫ్‌ఎస్‌డీఎల్‌కి మధ్య ఒప్పందం గడువు 2025 డిసెంబర్ 8. రెన్యువల్ తేలకపోవడంతో జులైలోనే సీజన్ హోల్డ్‌లో పడింది. అలాంటప్పుడు ఓనర్‌కి ఊరు మార్చడం ఒక లెక్క. గ్రౌండ్ సర్కారుది, అద్దెకి తీసుకున్నదే. కాగితం మీద ఉన్న ఫ్రాంచైజీ హక్కు ఎక్కడికైనా వెళ్తుంది. ఆ లెక్కలో వెంట తీసుకెళ్లలేనిది ఫ్యాన్‌ని మాత్రమే.

ఐటీ కారిడార్ ఫ్యాన్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పుకోవాలి. స్టేడియం దగ్గరే అన్నది నిజం. చేరుకోవడం తేలిక అన్నది నిజం కాదు. మెట్రో రాయదుర్గంలోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి గచ్చిబౌలికి ఆటోనో క్యాబో పట్టాలి. ఆఫీసులు వదిలే టైమ్, కిక్కాఫ్ టైమ్ ఒకటే అయితే బయోడైవర్సిటీ జంక్షన్‌లోనే ఫస్టాఫ్ అయిపోతుంది. అజీజ్ నగర్‌కైతే సొంత బండి ఉండాల్సిందే. రెండు లీగ్‌లు ఒకే ఫ్యాన్ కోసం పోటీ పడ్డాయి అనుకుంటాం. నిజానికి రెండిటికీ పోటీ ఫోన్‌తోనే. రూమ్‌లో కూర్చుని హైలైట్స్ చూడటం అందరికీ ఈజీ.

పేరు మనది.. ఆట ఎవరిది?

రగ్బీ సంగతి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ వచ్చింది. ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్. పేరులో లీగ్ ఉన్నా ఇది రగ్బీ లీగ్ కాదు. యూనియన్ కుటుంబానికి చెందిన ఏడుగురి ఆట, రగ్బీ సెవెన్స్. మ్యాచ్‌లన్నీ ముంబై అంధేరీలోనే జరిగాయి. హైదరాబాద్ పేరుతో టీమ్ ఉంది. హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ లేదు.

ఆ పేరు కూడా కొత్తది కాదు. బీసీసీఐకి ఎదురు తిరిగి 2007లో పుట్టిన ఇండియన్ క్రికెట్ లీగ్‌లో మన టీమ్ పేరు హైదరాబాద్ హీరోసే. అంబటి రాయుడు ఆడింది ఆ జట్టుకే. ఎల్బీ స్టేడియంలో మ్యాచ్‌లు జరిగేవి. 2008లో ఐపీఎల్ రాగానే ఉప్పల్‌లో దక్కన్ ఛార్జర్స్ దిగింది. కొన్ని నెలలు సిటీలో రెండు క్రికెట్‌లు నడిచాయి. బోర్డు నిషేధం దెబ్బకి 2009కల్లా ఐసీఎల్ మూతపడింది. అక్కడ గెలిచింది మంచి టీమ్ కాదు. బోర్డు ఎవరి వెనక ఉందో ఆ లీగ్.

దీనికి రివర్స్ ఉదాహరణ వాలీబాల్. హైదరాబాద్ ఎఫ్‌సీ వెళ్లిపోయిన అదే 2025 అక్టోబర్‌లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ సీజన్ మొత్తం గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే నడిచింది. హైదరాబాద్ బ్లాక్ హాక్స్‌కి విజయ్ దేవరకొండ కో-ఓనర్. టీవీలో ఎంతమంది చూశారన్నది పక్కన పెడితే, గచ్చిబౌలి దారిలో వెళ్లేవాడికి ఇక్కడ మ్యాచ్ ఉందని తెలిసింది. రగ్బీ హీరోస్‌కి ఆ అవకాశమే రాలేదు.

మెస్సీ వచ్చాడు.. వెళ్లాడు

2025 డిసెంబర్ 13న ఉప్పల్‌కి మెస్సీ వచ్చాడు. వెంట సువారెజ్, డి పాల్. సీఎం రేవంత్ రెడ్డి కూడా మైదానంలోకి దిగి బంతి ఆడారు. వేలల్లో టికెట్లు కొని జనం వచ్చారు. ఫుట్‌బాల్ క్లబ్ ఊరు వదిలి అప్పటికి రెండు నెలలే. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్‌కి జనం లేరు అనే మాట ఆ రాత్రితో తప్పని తేలింది. ఏడాది ముందు 2024లో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. మలేషియాతో ఇండియా మ్యాచ్ జరిగింది. డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా ఇక్కడే. అంటే గ్రౌండ్ ఉంది, జనం ఉన్నారు. లేనిది ప్రతి పదిహేను రోజులకి ఒకసారి వచ్చి ఆడే సొంత టీమ్.

మరి ఇప్పుడేంటి?

హైదరాబాద్‌కి మళ్లీ టాప్ లీగ్ ఫుట్‌బాల్ రావాలంటే రెండే దారులు. ఒకటి, ఎవరో ఒకరు మళ్లీ ఫ్రాంచైజీ కొనుక్కుని రావడం. అది ఎంత ఫాస్ట్‌గా వస్తుందో అంతే ఫాస్ట్‌గా పోతుందని పుణె, హైదరాబాద్ రెండూ చూశాయి. రెండోది, ఉన్న క్లబ్ మైదానంలో గెలిచి పైకి ఎక్కడం. శ్రీనిధి రెండుసార్లు దాని అంచు దాకా వెళ్లింది.

రెండో దారి నెమ్మది. దానికి గ్యారెంటీ కూడా లేదు. కానీ డెక్కన్ అరీనా ఎక్కడికీ కదలదు. గచ్చిబౌలిలో ఫ్యాన్‌గా మారినవాళ్లు అజీజ్ నగర్ దాకా వెళ్తారా? క్లబ్ వాళ్ల కోసం మ్యాచ్ రోజు రాయదుర్గం నుంచి ఒక బస్సైనా వేస్తుందా? ముఖ్యమైన మ్యాచ్‌లు కొన్నైనా గచ్చిబౌలిలో పెడతారా? ఇప్పుడు తేలాల్సింది ఇదే. అప్పటిదాకా కారిడార్‌లో శనివారం రాత్రి ఫుట్‌బాల్ అంటే పబ్‌లో పెద్ద స్క్రీన్ మీద కనిపించే ఇంగ్లండ్ మ్యాచ్ మాత్రమే.