పంచుకోమన్న కోడ్‌కి పంపకాల గొడవ

పోయిన నెలలో ఆఫీసులో నాకో చిన్న పని అప్పజెప్పారు. ఒక పాతకాలపు ఫైల్ ఫార్మాట్‌ని చదివే ప్రోగ్రామ్ రాయాలి. వెతికితే అదే పని చేసే కోడ్ ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో దొరికింది. మేం రాసేదీ ఓపెన్ సోర్సే కదా, తెచ్చి కలిపేద్దాం అనుకున్నాను. మా లాయరుగారు మాత్రం కుదరదన్నారు. వాళ్ళది జీపీఎల్ మూడో వెర్షన్, మాది రెండో వెర్షన్ మాత్రమే. 1991లో ఒకటి, 2007లో ఒకటి, రెండూ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ రాసినవే. అయినా ఒకదానితో ఒకటి పొసగవు! ఉన్నదాన్నే మళ్ళీ రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టుంది వ్యవహారం.

ఇది నా ఒక్కడి గోల కాదండీ. సన్ మైక్రోసిస్టమ్స్ 2005లో జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కోడ్‌ని బయటపెట్టింది. డిస్కులో డేటా మనకు తెలియకుండా పాడైతే ఇది పట్టుకుంటుంది, రెండో కాపీ ఉంటే సరిచేస్తుంది కూడా. ఇంత మంచి సరుకు లినక్స్ కెర్నెల్‌లో ఎందుకు చేరలేదు? లినక్స్‌ది జీపీఎల్ రెండో వెర్షన్, జడ్‌ఎఫ్‌ఎస్‌ది సీడీడీఎల్. తనతో కలిసిన మొత్తం కోడ్ తన షరతుల కిందే ఉండాలంటుంది మొదటిది. తన ఫైళ్ళు తన షరతుల కిందే ఉండాలంటుంది రెండోది. ఇద్దరి మాటా ఒకేసారి వినడం ఎలా? అలాంటి పట్టింపు లేని ఫ్రీబీఎస్‌డీ మాత్రం 2008లో 7.0 వెర్షన్‌లోనే దాన్ని ప్రయోగాత్మకంగా చేర్చుకుంది.

సన్ కావాలనే ఈ మెలిక పెట్టిందని అక్కడ పనిచేసిన ఒకరన్నారు, కాదని మరొకరన్నారు. 2010లో ఒరాకిల్ సన్‌ని కొనేసింది. తలుచుకుంటే ఈ చిక్కు చాలావరకు విప్పగలిగింది ఆ కంపెనీయే. 2016లో ఉబుంటు 16.04తో పాటు జడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్‌ని పంచిపెడితే, అది జీపీఎల్ ఉల్లంఘనేనని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ అంది. కాదని ఉబుంటు వాళ్ళన్నారు. కోర్టుదాకా వెళ్ళలేదు కాబట్టి ఎవరు రైటో తేలలేదు. ఒరాకిల్ పెద్దల సంతకంతో ఉత్తరం వస్తే తప్ప కెర్నెల్‌లో కలపనని లైనస్ టోర్వాల్డ్స్ 2020 జనవరిలో తెగేసి చెప్పాడు.

షరతులే వద్దని నేననను. జీపీఎల్ లేకపోతే పెద్ద కంపెనీలు కోడ్ తీసుకుని తలుపులు వేసుకునేవే. కానీ కంపెనీలని ఆపడానికి కట్టిన గోడ, చివరికి మనలో మనకే అడ్డం వస్తోంది. నష్టపోయేది ఎవరు? ఒకే బగ్‌ని రెండుసార్లు వెతుక్కునే మనమే.

పైగా పదిమంది చేతులు పడ్డాక లైసెన్సు మార్చడం తేలిక కాదు, రాసినవాళ్ళ అనుమతి కావాలి. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ వాళ్ళు 2017లో పాత రచయితలందరినీ వెతికి అడగడం మొదలుపెడితే, కొత్త లైసెన్సుతో 3.0 వెర్షన్ 2021లో విడుదలైంది.

ఇక్కడా, ఇండియాలోనూ మన కుర్రాళ్ళు చాలామంది తమ కోడ్‌ని నెట్‌లో పెడుతున్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. సొంతంగా లైసెన్సు రాయకండి, పదిమందీ వాడేదే ఎంచుకోండి. జీపీఎల్ అయితే "రెండో వెర్షన్ లేదా ఆపై వెర్షన్" అని రాయండి. ఆ రెండు మాటలు ఆ ప్రాజెక్టులో ఉండుంటే, నా మూడు వారాలు నాకు మిగిలేవి.