బేస్‌బాల్ డ్రాఫ్ట్: 19 మందిని అవుట్ చేసినా కాంట్రాక్ట్ దక్కలేదు.. ఎందుకంటే?

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్ మన ఐపీఎల్ వేలం లాంటిది కాదు. ఇక్కడ టీమ్‌లు వంతులవారీగా కాలేజీ, హైస్కూల్ కుర్రాళ్లను ఎంచుకుంటాయి. అందుకే స్కౌట్లు నెలల ముందు నుంచే రాడార్ గన్‌లు పట్టుకుని గ్రౌండ్ల చుట్టూ తిరుగుతారు. ఒక్కో నైపుణ్యానికి 20 నుంచి 80 వరకు మార్కులేస్తారు.

మరి మార్కులొస్తే చాలా? భారత మూలాలున్న పిచర్ కుమార్ రాకర్ సంగతే చూడండి. 2019లో వాండర్‌బిల్ట్ వర్సిటీ తరఫున ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ పిక్‌గా ఎంచుకుంది. తీరా మెడికల్ టెస్టుల్లో చేతిపై అనుమానం రావడంతో కాంట్రాక్ట్ ఇవ్వలేదు.

ఇక్కడే అసలు పాయింట్. మెట్స్‌కు పరిహారంగా మరుసటి ఏడాది 11వ పిక్ వచ్చింది. కుర్రాడు మాత్రం ఏడాది ఆగాల్సొచ్చింది. 2022లో టెక్సాస్ రేంజర్స్ 3వ పిక్‌గా తీసుకుంటే, 2024లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు.

2022 నుంచి రూల్ మారింది. ముందే మెడికల్ టెస్టులు చేయించుకున్న ప్లేయర్‌కు, ఆ పిక్‌కు ఫిక్స్ చేసిన బోనస్‌లో కనీసం 75 శాతం ఆఫర్ చేయాల్సిందే. టెస్టులు వద్దనుకుంటే ఆ గ్యారెంటీ ఉండదు. అంటే కుర్రాళ్లకు ఇప్పుడు రాడార్ గన్ ఎంత ముఖ్యమో, స్కానింగ్ రిపోర్టూ అంతే ముఖ్యం.